ఆంగ్ల జాతీయములు: మాట యొకటి, అర్థము మరియొకటి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, నేను గ్రంథాలయోద్యమమును గూర్చియే ప్రసంగింతునని వారు తలచి యుందురు. ఆ విషయమును నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. నేను ముప్పది యేండ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. నాకు తెలిసిన చిన్న సంగతి నొకదానిని మీకు విన్నవింపగోరి, ఇంగ్లీషు జాతీయములను ఎన్నుకొంటిని.

పల్లెటూరి గ్రంథాలయ సభలో ఇంగ్లీషు జాతీయముల గొడవ యెందుకని కొందరికి తోచవచ్చును. కాని మన యూరిలో ఇంగ్లీషు కాగితము రాని యిల్లు ఇప్పుడు అరుదు. బ్యాంకువారు వ్రాయుదురు, బీమావారు వ్రాయుదురు, ఆసుపత్రివారు చేతికిచ్చెడి చీటి ఇంగ్లీషే. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో కొలువు చేయుచు ఇంగ్లీషు మాటలు కలిపి యుత్తరములు, సందేశములు పంపుదురు. మాటలు తెలియనప్పుడు మనము ఎవరినైనను అడుగుదుము. చిక్కు అది కాదు. మాటలన్నియు తెలిసియుండి, అర్థము మాత్రము తెలియకపోవుట గలదే, అదియే చిక్కు. ఏలయన, తెలియలేదని మనకే తెలియదు. ఆ చిక్కులో నేనొకసారి పడి, మా యింటివారిని గూడ పడవేసితిని.

అది నలుబదియైదేండ్ల క్రిందటి మాట. నేనప్పుడు బి.ఏ. చదువుచు సెలవులకు ఇంటికి వచ్చి యుంటిని. మా పెదనాన్నగారికి ప్రక్క చేనివారితో గట్టు తగవు వచ్చి, రెండెకరముల చిల్లర భూమిపై దావా నడచుచుండెను. వకీలుగారు జిల్లా కేంద్రమున నుండెడివారు. దావా మాకు దగ్గరి పట్నములోని మునసబు కోర్టులో నుండెను. ఆ కాలమున వకీళ్ళు ఉత్తరములు ఇంగ్లీషులో టైపు చేయించి పంపుట పరిపాటి. అట్టి యుత్తర మొకటి రాగా, పెదనాన్నగారు నన్ను పిలిచి, "ఒరే అబ్బాయీ, నువ్వు బి.ఏ. చదువుతున్నావు గదా, ఇందులో ఏమన్నాడో చెప్పరా" అనిరి. చుట్టుప్రక్కల నలుగురు కూర్చుండిరి. నాకు గర్వము కలుగక ఎట్లుండును?

ఉత్తరము మూడు నాలుగు వాక్యములకంటె లేదు. ఒక వాక్యమున వకీలుగారు, తాము 'నో స్టోన్ అన్‌టర్న్‌డ్' విడువబోమని వ్రాసిరి. స్టోన్ అనగా రాయి. టర్న్ అనగా త్రిప్పుట. తగవు చూడబోయిన గట్టు తగవు, గట్టుమీద హద్దురాళ్ళున్నవి. ఇంక సందేహమేమున్నది? "పెదనాన్నా, వకీలుగారు వచ్చి ఒక్క రాయి గూడ వదలకుండ తిరగవేసి చూస్తారట" అని చెప్పితిని. పెదనాన్నగారు సంతోషించి, మరునాడే ఇద్దరు మనుష్యులను పెట్టి హద్దురాళ్ళ చుట్టునున్న ముండ్లకంపలు కొట్టించి, రాళ్ళకు సున్నము పూయించిరి. వకీలుగారు వచ్చిన నాటికి ఉండవలెనని కొబ్బరిబొండములు గూడ తెప్పించి యుంచిరి.

ఇంతవరకు నవ్వులాటయే. చివరి వాక్యము నవ్వులాట కాదు. "మనము అనుకొన్న కాగితము విషయమై, ద బాల్ ఈజ్ నౌ ఇన్ యువర్ కోర్ట్" అని అందున్నది. కాగితము, కోర్టు అను రెండు మాటలు నాకు కనబడినవి. నడుమ బాల్ అను మాట అడ్డు వచ్చెను. బాల్ అనగా బంతి. దావాలో బంతి యేమిటి? టైపు చేసినవాడు పొరపాటు చేసి యుండునని దానిని త్రోసివేసి, "ఆ కాగితం ఇప్పుడు మీ కోర్టులోనే ఉందట" అని చెప్పితిని. పెదనాన్నగారు, "అయితే నకలు తెప్పించి దాఖలు చేసినాడన్నమాట, మంచివాడు" అని, మూల దస్తావేజును ఇనుపపెట్టెలోనే భద్రముగా నుంచిరి.

వకీలుగారు చెప్పినదేమనగా, "నేను చేయవలసినది చేసితిని, ఇక దస్తావేజు పంపుట మీ వంతు" అని. అది టెన్నిసు ఆటనుండి పుట్టిన మాట. ఆ యాట ఆడెడి స్థలమును గూడ ఇంగ్లీషువారు కోర్టనియే యందురు. బంతి వలకు ఆవలనున్నంత సేపు మనము చేయగలిగినది లేదు. మన వైపు వచ్చి పడినప్పుడు మనమే కొట్టవలెను. మేము కొట్టలేదు. వాయిదా నాడు దస్తావేజు లేక మా వాదము నిలువలేదు. దావా పోయినది. అప్పీలు చేసి, ఆ దస్తావేజును పై కోర్టువారు స్వీకరించుటకు వేరుగ దరఖాస్తు పెట్టుకొని, నాలుగేండ్లు తిరిగిన పిమ్మట భూమి దక్కినది. కాని ఆ తిరుగుటలో ఇంటి ఎద్దులజత అమ్ముడువోయెను. పెదనాన్నగారు నన్నేమియు అనలేదు. ఒక్కసారి మాత్రము, "మాటలన్నీ చదివినావు గానీ సంగతి చదవలేదురా" అనిరి. ఆ మాట నేను ముప్పది యేండ్లును పిల్లలకు చెప్పుచునే యుంటిని.

ఇంగ్లీషువారు ఇడియమని పిలుచు దానిని మనవారు జాతీయమనియు, నుడికారమనియు, పలుకుబడి యనియు అన్నారు. సామెత వేరు, జాతీయము వేరు. సామెత ఒక నిండు వాక్యము. తన కాళ్ళమీద తాను నిలుచును. జాతీయము వాక్యములో నొక ముక్క. అందలి మాటల అర్థములను కూడినచో దాని అర్థము రాదు. ఇది మనకు క్రొత్త కాదు. ఇంగ్లీషువాని చెవితో మన మాటలను ఒక్క నిమిషము వినుడు. "అడిగితే నీళ్ళు నములుతున్నాడు." "నీ పప్పులు ఇక్కడ ఉడకవు." "సమయానికి వచ్చి నా నెత్తిన పాలు పోసినావు." "వాళ్ళు మన చెవిలో పువ్వు పెట్టినారు." ఈ మాటలలో పసిపిల్లలకు తెలియని పద మొక్కటియు లేదు. ఐనను తెలుగు నేర్చుకొన్న పరదేశి నీళ్ళెట్లు నములుదురని ఆశ్చర్యపడును. 1817లో మద్రాసునకు వచ్చి, 1820లో కడపకు ఉద్యోగియై వెళ్ళిన సి. పి. బ్రౌను దొర ఇట్టి మాటలతో ఎంత తంటాలుపడి యుండెనో ఊహించుకొనవచ్చును. 1852 ప్రాంతమున వెలువడిన ఆయన నిఘంటువులో మాటకు అర్థము చెప్పి యూరకొనక, ఆ మాట చేరిన పలుకుబళ్ళను గూడ క్రిందనే చూపెను. మాట యొంటరిగా నున్నప్పుడు ఒక అర్థము, తోడు దొరికినప్పుడు వేరొక అర్థము అని ఆయన కనిపెట్టిన సంగతిని నేను బి.ఏ. చదువుచును కనిపెట్టలేకపోతిని.

ఐన, చదువరి దీనిని గుర్తుపట్టుట యెట్లు? ఇందుకు మన పూర్వులే ఒక ఉపాయము చెప్పియున్నారు. మన అలంకారశాస్త్రమున 'గంగలో గొల్లపల్లె' అను ఉదాహరణ ప్రసిద్ధము. గంగ యనగా ప్రవాహము. ప్రవాహముమీద పల్లె నిలువదు గదా! కావున మాట యొక్క ముఖ్యార్థమునకు అడ్డు వచ్చినది. దీనినే ముఖ్యార్థ బాధ యందురు. అడ్డు రాగానే మనస్సు ప్రక్కకు చూచి, గంగ యొడ్డున పల్లె యున్నదని గ్రహించును. ఇట్లు ప్రక్కకు పోయి అర్థమును తెచ్చుకొనుటకు లక్షణ యని పేరు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున నుండిన మమ్మటుడు తన కావ్యప్రకాశమున దీనికి మూడు నియమములు చెప్పెను: ముఖ్యార్థమునకు బాధ కలుగవలెను, క్రొత్త అర్థమునకు దానితో ఏదో సంబంధ ముండవలెను, దానికి లోకరూఢియో, ఒక ప్రయోజనమో కారణము కావలెను. రూఢికి ఉదాహరణముగా కుశలుడను మాటను చెప్పెను. దర్భలు కోయువాడు అని దాని పుట్టుక. నేర్పరి యని వాడుక. నేర్పరి యనునప్పుడు ఎవరికిని దర్భలు జ్ఞప్తికి రావు. ఇంగ్లీషు జాతీయములును చాలవరకు ఇట్టివే. పుట్టుక మరుగుపడి వాడుక మిగిలినవి.

ఇక నా తప్పు చూడుడు. 'స్టోన్' అను మాట దగ్గర నాకు బాధ కలుగలేదు. ఏలయన, గట్టు తగవులో రాళ్ళు సహజముగానే యున్నవి. 'కోర్ట్' దగ్గరను కలుగలేదు. దావా యున్నచోట కోర్టు ఉండకుండునా? కలిగినది ఒక్క 'బాల్' దగ్గర. ఆ వాక్యమున నన్ను పిలిచి మేలుకొలుపుచుండిన మాట అదియొక్కటియే. దానినే నేను టైపువాని పొరపాటని త్రోసితిని. నేటికిని పిల్లలు చేయు తప్పు ఇదియే. పొసగని మాట కనబడినచో దానిని దాటివేసి, తెలిసిన మాటలతో వాక్యమును అల్లుకొందురు. పొసగని మాటను విడువరాదు; అక్కడనే ఆగవలెను. నిఘంటువులో మొదట ఆ మాటనే చూడవలెను. బాల్ అను మాటకు గోళము, బంతి మొదలగు అర్థము లన్నియు చెప్పి, చివర జాతీయములని వేరుగ ఒక భాగముండును. మనవారు మొదటి అర్థము చూచి పుస్తకము మూయుదురు. మనకు కావలసినది సాధారణముగా చివరనే యుండును.

జాతీయమునకు మరియొక లక్షణము గలదు. అది చెక్కిన రాతివంటిది; మార్చిన పగులును. మనము నీళ్ళు నమలెనని యందుము గాని, జలము నమలెనని యనము. ఇంగ్లీషున చనిపోయెననుటకు 'కిక్ ద బకెట్' అను నొక మోటుమాట గలదు. 1785లో గ్రోసు అనునతడు అచ్చువేసిన మోటుమాటల నిఘంటువులోనే ఇది యున్నది. బకెట్ అనగా బాల్చీ, తన్నుట కిక్. బకెట్‌కు మారుగా అదే యర్థముగల పెయిల్ అను మాట వేసితిమా, నిజముగా బాల్చీని తన్నినాడనియే అర్థమగును. మన పట్నములలో కుర్రవాండ్రు దీనినే తెనిగించి 'బాల్చీ తన్నేశాడు' అనుచున్నారు.

ఈ మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. నా విద్యార్థి యొకడు జాతీయములు బాగుగ వల్లించి, తన మిత్రుని తండ్రిగారు గతించినప్పుడు సంతాపలేఖలో, మీ తండ్రిగారు కిక్‌డ్ ద బకెట్ అని తెలిసి మిక్కిలి చింతించితిని అని వ్రాసెను. వ్యాకరణ దోషము లేదు, అర్థమును సరియే. కాని మన భాషలో చూడుడు: పరమపదించిరి, కాలము చేసిరి, కన్నుమూసిరి, గుటుక్కుమన్నాడు, టపా కట్టినాడు. అన్నిటికిని అర్థ మొకటియే. పెద్దవారు పోయిన యింటికి వెళ్ళి టపా కట్టినారట గదా అనువాడు ఉండునా? జాతీయమునకు అర్థముతో బాటు అంతస్తు గూడ గలదు. అర్థము తెలిసినను, అంతస్తు తెలియువరకు దానిని చదివి యానందింపవలెనే గాని వ్రాయరాదు. ఆ పిల్లవాడు ఇప్పుడు మంచి యుద్యోగములో నున్నాడు. ఈ సభలో లేడు గనుక చెప్పితిని.

జాతీయములు ఏ నేలలో పుట్టినవో ఆ నేల వాసన వానిని విడువదు. ఇంగ్లండు సముద్రము నడుమ నున్న దేశము. ఆ దేశమున పనిలో ఆరితేరినవానిని 'నోస్ ద రోప్స్' అందురు. తెరచాప ఓడలో ఏ త్రాడు దేనికో తెలిసినవాడని. మనకు త్రాళ్ళు తెలియును గాని, అవి ఎద్దుల పలుపులు, బావి చేదలు. మనవారు నష్టము వచ్చినచో పుట్టి మునిగినదందురు. పుట్టి యెక్కి కృష్ణ దాటినవారికే ఆ మాటలోని భయము తెలియును. ఓటమి నొప్పుకొని పని వదలినవానిని మనము కాడి పారవేసినాడందుము. దుక్కిటెద్దు మెడమీది కాడి మన కన్నులకు గట్టును. ఇంగ్లీషువారు దీనినే 'త్రో ఇన్ ద టవల్' అందురు. కుస్తీవంటి ముష్టియుద్ధమున తనవాడు ఇక నిలువలేడని తోచినప్పుడు, ప్రక్కనున్న సహాయకుడు తువ్వాలును గోదాలోనికి విసరును; అది ఓటమికి గుర్తు. అక్కడ తువ్వాలు, ఇక్కడ కాడి. మనస్సులోని నిస్పృహ ఒకటియే. వయస్సున పెద్దవానికి చిన్నవాడు బుద్ధి చెప్పబోయిన, మనము తాతకు దగ్గులు నేర్పుచున్నాడందుము. వారు, అవ్వకు గ్రుడ్లు పీల్చుట నేర్పుచున్నాడందురు. ఇక్కడ తాత, అక్కడ అవ్వ. ఇట్టి జోడు దొరికినప్పుడు కలుగు సంతోషము నాకు మంచి పద్యము విన్నప్పటి సంతోషమునకు తీసిపోదు.

జోడు కుదిరినచోట భయము లేదు. బొమ్మ ఒకటియై అర్థము వేరైనచోటనే గోయి యున్నది. ఇంగ్లండు చలిదేశము. ఆ దేశమున వెచ్చదనము ప్రేమకు గుర్తు. చలి నిరాదరణకు గుర్తు. 'కోల్డ్ లుక్' అనగా ముఖము మాడ్చుకొని చూచెడి చూపు. దానిని మాటకు మాటగా తెనిగించిన చల్లని చూపగును! మనకు చల్లని చూపు తల్లి చూపు. చల్లగా నుండుమని దీవింతుము. కడుపు చల్లగా నుండవలెనని కోరుదుము. ఎండదేశపువారికి చల్లదనమే గదా దయ! ఈ సంగతి నెరుగక మన పత్రికలవారు నులివెచ్చని స్వాగతమని వ్రాయుచున్నారు. మే నెలలో రెంటచింతలలో బస్సు దిగినవానికి నులివెచ్చని స్వాగతమిచ్చినచో వాడు మరల బస్సెక్కును.

అట్లే, 'పుల్ సమ్‌వన్స్ లెగ్' అనునది ఇంగ్లండులో వేళాకోళమాడుట, ఆటపట్టించుట. మనము వాని కాళ్ళు పట్టి లాగుచున్నారన్న, పైకి వచ్చువానిని క్రిందికి పడద్రోయుచున్నారని అర్థము. ఒకటి స్నేహము, రెండవది ద్వేషము. పై యధికారి నవ్వుచు, నేను నీ కాలు లాగితినంతే యని ఇంగ్లీషులో అన్నప్పుడు, మన కుర్రవాడు తనపై కుట్ర జరిగినదని బెంగపెట్టుకొనిన ఆశ్చర్యమేమి?

ఒక్కొక్కప్పుడు ఒక్క అక్షరమే కొంప ముంచును. 'హావ్ ఎ వర్డ్ విత్ హిమ్' అనగా ఆయనతో ఒక మాట మాటలాడుట. అందే 'వర్డ్' అనుదానిని 'వర్డ్స్' అని బహువచనము చేసి 'హావ్ వర్డ్స్ విత్ హిమ్' అంటిమా, ఆయనతో తగవు పెట్టుకొనుట! మనకును మాటా మాటా వచ్చినదన్న తగవేగదా. 'గివ్ వన్స్ వర్డ్' అనగా మాట యిచ్చుట. ఇది మనతో సరిగా కలిసినది. కాని 'ఈట్ వన్స్ వర్డ్స్' అనగా మాట తప్పుట కాదు; అన్న మాట తప్పని యొప్పుకొని వెనుకకు తీసికొనుట.

వీనికంటె చిన్నవి, వీనికంటె తుంటరులు కొన్ని యున్నవి. అప్, డౌన్, ఆఫ్, అవుట్ అను బుల్లి మాటలు. 'పుట్' అనగా పెట్టుట యని మూడవ తరగతి పిల్లవానికి తెలియును. 'పుట్ ఆఫ్' అనగా వాయిదా వేయుట. 'పుట్ అవుట్' అనగా ఆర్పుట. 'పుట్ అప్ విత్' అనగా ఓర్చుకొనుట. 'టర్న్‌డ్ డౌన్' అని వచ్చినచో మన దరఖాస్తును త్రోసిపుచ్చిరన్నమాట. 'లుక్ ఇన్‌టు' అనగా విచారించుట. 'ఓవర్‌లుక్' అనగా చూడక వదలుట. కార్యాలయముల నుండి వచ్చు కాగితములలో ఏనుగులు, గుర్రములు గల పెద్ద జాతీయములు అరుదు. ఈ బుల్లి మాటలే పుటపుటకును ఉండును. బాల్చీలు, పిల్లులు, కుక్కలు కంఠస్థము చేయుటకు ముందు వీనిని నేర్చుకొనుడని నేను పిల్లలకు చెప్పుచుంటిని. వారికి రుచింపలేదు. బాల్చీలలో నున్న వేడుక వీనిలో లేదు గదా!

ఇంగ్లీషు తెలిసినవారికి ఈ చిక్కు లేదనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిషు సేనాధికారులును, అమెరికా సేనాధికారులును కూడి ఆలోచన చేయుచుండగా, బ్రిటిషువారు ఒక పత్రమును 'టేబిల్' చేయుదమనిరి. వారి వాడుకలో ఆ మాటకు, బల్లమీద పెట్టి వెంటనే చర్చింతమని అర్థము. అమెరికావారి వాడుకలో, ప్రక్కన పెట్టి యుంచుదమని అర్థము. వారు కూడదనిరి, వీరు కావలెననిరి. చాలసేపు కటువుగా వాదించుకొనిన పిమ్మట, ఇరువురును కోరునది ఒకటియే యని తెలిసెను. ఈ సంగతిని చర్చిలు తన యుద్ధచరిత్రలో వ్రాసెను. మన పార్లమెంటులో కాగితమును టేబిల్ చేసిరన్న, బ్రిటిషు వాడుకనుబట్టి సభ యెదుట పెట్టిరని అర్థము. మన పిల్లలు అమెరికా కంపెనీలలో ఈ మాటను విన్నప్పుడు తలక్రిందులుగా అర్థము చేసికొనవలెను. అక్కడివారి జాతీయములు చాల వారి బేస్‌బాల్ ఆటనుండి వచ్చినవి. 'బాల్‌పార్క్ ఫిగర్' చెప్పుమన్న, ఉజ్జాయింపు లెక్క చెప్పుమనుట. బ్రిటిషువారివి క్రికెట్టునుండి వచ్చినవి; అవి మనవారికి సులభముగా తెలియును. 'బ్యాక్ ఫుట్' మీద పడినాడనిన మన రచ్చబండ మీదివారు గూడ తల యూపుదురు.

జాతీయముల పుట్టుకలు వినుట వేడుక. ఎప్పుడును గెలుచువాడు చిట్టచివర ఓడినచో 'మెట్ హిజ్ వాటర్లూ' అందురు. 1815 జూన్ 18వ తేదీన నెపోలియను వాటర్లూ కడ ఓడిపోయినది తెలిసినచో ఈ మాట మరువము. కాని పుట్టుక కథలన్నిటిని నమ్మరాదు. కుంభవృష్టిని ఇంగ్లీషువారు 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అందురు. 1738లో స్విఫ్టు అచ్చువేయించిన సంభాషణల పుస్తకములో ఇది యున్నది. పూర్వము ఇంటి పైకప్పు గడ్డిలో పిల్లులు, కుక్కలు పడుకొనెడివనియు, వాన వచ్చినప్పుడు జారి పడెడివనియు ఒక కథ చెప్పుదురు. దానికి ఆధారము లేదు. మనము ఆకాశమునకు చిల్లు పడినదందుము. ఆ చిల్లు ఎవరు పొడిచిరని విచారింపము గదా!

రెండు భాషలు ప్రక్కప్రక్కన నున్నచో మాటలు గట్టు దాటుట గూడ గలదు. మొసలి కన్నీరు, తెల్ల యేనుగు, టీకప్పులో తుపాను అనునవి ఇంగ్లీషునుండి వచ్చి మన పత్రికలలో స్థిరపడినవి. కొందరు పండితులు వీనిని దోషమందురు. నాకట్లు తోచదు. మొసలి కన్నీరు వినగానే అర్థమగుచున్నది, అది బ్రదుకును. వినినవాడు నొసలు చిట్లించినచో అది బ్రదుకదు. తీర్పు జనులదే. ఐతే అరువు తెచ్చుకొనుటకు ముందు ఇంట నున్నదేమో చూచుకొనవలెను. రాజమహేంద్రవరమున గ్రంథాలయ స్థాపనకు పాటుపడిన నాళము కృష్ణారావుగారు తెలుగు జాతీయములను ప్రోగుచేసి గ్రంథముగా వెలువరించిరి. గ్రంథాలయమునకై శ్రమించిన చేతులే నుడికారమునకై గూడ శ్రమించినవి.

ఇంగ్లీషునకు సంబంధించి మీరు చూడవలసిన పుస్తకము వేరొకటి గలదు. హార్న్‌బీ, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డు అను మువ్వురు ఉపాధ్యాయులు జపానులో ఇంగ్లీషు బోధించుచు, పరదేశ విద్యార్థి తడబడు తావులను కనిపెట్టి ఒక నిఘంటువు కూర్చిరి. అది 1942లో టోకియోలో అచ్చయినది. 1948లో ఆక్స్‌ఫర్డువారు దానిని తిరిగి ముద్రించిరి. ఎన్నియో కూర్పులు పొంది నేటికిని నడచుచున్నది. ఇంగ్లీషువారి కొరకు కాక, మనవంటివారి కొరకు వ్రాసినది గనుక జాతీయములను అందు వివరముగ చూపిరి. చేతిలోని ఫోనునందును ఇప్పుడు అర్థములు దొరకును; అది మంచిదే. కాని తెలియని మాట నొక్కదానినే దానికి అందించి అడిగినచో, అది ఆ మాటకే అర్థము చెప్పును. వాక్యమంతయు అందింపవలెను. ఆ వాక్యము వ్రాసినవాడెవడు, ఎందుకు వ్రాసెను అనునది మాత్రము మనమే ఆలోచింపవలెను.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము రెండు బీరువాలతో మొదలైన దినమున, హార్న్‌బీ నిఘంటువు ప్రతి నొకదానిని నేను కానుకగా నిచ్చితిని. మొన్న కార్యదర్శిగారు దానిని చూపిరి. అట్ట ఊడినది; జాతీయములున్న తావులు వ్రేళ్ళ మరకలతో నల్లబడినవి. అట్ట నేను వేయించి తెచ్చితిని. ప్రతి ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు నేనిక్కడ కూర్చుందును. కోర్టు కాగితము గాని, బ్యాంకు కాగితము గాని, పిల్లల సందేశము గాని అర్థము కాకున్న తీసికొని రండు. అర్థమైనట్లు తోచినవానిని గూడ తెండు.

మా పెదనాన్నగారికి వచ్చిన ఆ వకీలుగారి యుత్తరము నాయొద్ద నేటికిని గలదు. దానిని ఈ దినమున గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. నిఘంటువులో బాల్ అను మాట యున్న పుటలో పెట్టి యుంచితిని.